చిన్న ఇల్లు – చల్లని కప్పు : ఒక విధాన పత్రముపై విమర్శ

మా కళాశాలలో ఇంటర్మీడియెట్ చదువుచున్న విద్యార్థి ఒకడు మొన్న మార్చి నెలలో ఒక ప్రశ్నతో నా వద్దకు వచ్చినాడు. వాని నివాసము ఉస్మాన్‌గంజ్. బేగంబజారుకు, మొజంజాహి మార్కెట్టుకు చేరువనున్న ఆ టోకు బజారును ఎరుగనివారు హైదరాబాదులో అరుదు. క్రింద అంగడి, దానిపైన సరుకు నిలువ చేయు కొట్టు, ఆపైన ఒకటే గది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల ఆ గదిలో నలుగురు కాపురమున్నారు. తండ్రి హమాలీ పని చేయును. కొంత సొమ్ము కూడబెట్టినారు.

“సార్, మా నాయిన కూలర్ కొందమంటుండు, మా మామ ఏసీ కొనుమంటుండు. ఏది మంచిది?” అని వాడు అడిగినాడు. నేను జవాబు చెప్పకముందే, “మా ఇంట్ల పగటికన్న రాత్రే ఉడుకపోత ఎక్కువుంటది సార్, అదెందుకు?” అని మరొకటి కూడ అడిగినాడు.

రెండవ ప్రశ్నలోనే మొదటి ప్రశ్నకు జవాబున్నది. ఐతే ఆ జవాబును వెదకుచు నేను 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము వెలువరించిన ‘కూల్ రూఫ్’ విధాన పత్రమును మరల తీసి చూచినాను. ఇండ్ల కప్పులను చల్లగానుంచుటకే ప్రత్యేకించి ఒక రాష్ట్రము విధానమును ప్రకటించుట మన దేశములో అదియే మొదలని నాడు పత్రికలు వ్రాసినవి. అందలి విజ్ఞానము సరియైనదే. ఆ విజ్ఞానము ఎవరి నెత్తిపైనున్న కప్పుకు చేరుచున్నది అన్నదే ఈ వ్యాసమునకు విషయము.

ముందుగా గది సంగతి చూతము. పెద్ద మేడలో పది గదులుండిన, వానిలో నడినెత్తిన ఎండ తగులునది పై అంతస్తు గదులకే. గోడలకు ఎండ తగులును గాని, అది ఉదయమొక ప్రక్క, సాయంత్రమొక ప్రక్క. ఉస్మాన్‌గంజ్ వంటి ఇరుకు సందులలో అదియు లేదు. ఎదుటి భవనము నీడ మన గోడపై, మన నీడ ఎదుటి గోడపై. అందుచే పై అంతస్తులోని ఒంటిగదికి సూర్యుని చూచునది కప్పు ఒక్కటే. హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. కనుక మే రెండవ వారములోను, మరల ఆగస్టు మొదటి వారములోను మధ్యాహ్నవేళ సూర్యుడు సరిగా నెత్తిమీదికి వచ్చును. నిలువుగా పాతిన కర్రకు నీడ పడని దినములవి. ఎండలు మండు మే మాసములోనే కప్పు సూర్యునికి ఎదురుగా పరచిన పళ్లెము వలె నుండును.

ఇప్పుడు చిన్న లెక్క వేయుదము. పలక, బలపము చాలును. పదియడుగుల గది కప్పు వైశాల్యము సుమారు 9.3 చదరపు మీటర్లు. మే నెల మధ్యాహ్నము ఒక్కొక్క చదరపు మీటరుపై పడు సౌరశక్తి 900 వాట్లనుకొనుడు. ఏండ్ల తరబడి వానకు, దుమ్ముకు నల్లబడిన సిమెంటు కప్పు అందులో నూటికి 70 పాళ్లు శోషించునని తీసికొందము, అనగా 630 వాట్లు. ఈ ఉష్ణములో ఎక్కువ భాగమును కప్పు పైనున్న గాలికి, ఆకాశమునకు తిరిగి ఇచ్చివేయును. ప్రతి డిగ్రీ భేదమునకు చదరపు మీటరునకు సుమారు 20 వాట్ల చొప్పున అట్లిచ్చునని ఇంజనీర్లు లెక్క కట్టుదురు. 630ని 20తో భాగింపగా 31.5. ఆకాశమునకు పోవు వికిరణము క్రింద 4 డిగ్రీలు తీసివేసిన, బయటి గాలి 40 డిగ్రీలున్నప్పుడు ఆ కప్పు పాలిటికి వెలుపలి ఉష్ణోగ్రత 67 డిగ్రీలతో సమానము! అదే కప్పుకు తెల్లని సున్నము పూసి, అది నూటికి 30 పాళ్లు మాత్రమే శోషించునట్లు చేసిన, ఆ అంకె 50 డిగ్రీలకు దిగును.

నాలుగైదు అంగుళాల సిమెంటు కాంక్రీటు కప్పు గుండా, ఇరుప్రక్కల ఒక డిగ్రీ భేదమునకు చదరపు మీటరునకు సుమారు 3.5 వాట్ల ఉష్ణము ప్రవహించును. గదిలో 34 డిగ్రీలున్నవనుకొన్నచో నల్లని కప్పు నుండి లోనికి దిగునది 1,100 వాట్లు. తెల్లని కప్పు నుండి దిగునది 500 వాట్లు. భేదము 600 వాట్లు. ఊరక కూర్చున్న మనిషి శరీరము నుండి వెలువడు ఉష్ణము సుమారు 100 వాట్లు. అనగా నల్లని కప్పు క్రింద నలుగురున్న ఇంట మరి ఆరుగురు అతిథులు కూడ వచ్చి కూర్చున్నట్లే.

ఇది స్థిరమైన ఎండను ఊహించి వేసిన లెక్క. నిజమైన కప్పు ఇంత త్వరగా స్పందింపదు. కాంక్రీటు బరువైనది, ఉష్ణమును దాచుకొనును. నడిమింటి ఎండ లోపలి ముఖమునకు చేరుటకు మూడు నాలుగు గంటలు పట్టును. చేరునప్పుడు దాని తీవ్రత కొంత తగ్గును, కాని అది రాత్రివరకు సాగును. మా విద్యార్థి రెండవ ప్రశ్నకు సమాధానమిదియే. వెలుపల చల్లబడిన తరువాత కూడ వాని ఇంటి కప్పు లోనికి వేడిని చిమ్ముచునే యుండును. దీపాలు పెట్టిన గంట తరువాత బల్లమీద నిలబడి కప్పును అరచేతితో తాకి చూడుమన్నాను. మరునాడు వచ్చి, “పెనం లెక్కనే ఉంది సార్” అన్నాడు.

రేకుల ఇంటి సంగతి వేరు. రేకు పలుచన, ఉష్ణమును దాచుకొనలేదు. అది మధ్యాహ్నము కొలిమి, అర్ధరాత్రికి చల్లన. కనుక పగలు ఇంటనుండువారికి, అనగా ముసలివారికి, బాలింతలకు, ఇంటిలో కూర్చుండి పనిచేయు స్త్రీలకు, రేకు శత్రువు. పగలెల్ల బజారులో మోసి రాత్రి నిద్రకు వచ్చువానికి కాంక్రీటు శత్రువు. ఏ ఇంటికి ఏ ఉపాయమని అడుగుటకు ముందు ఆ ఇంట ఎవరు ఏ వేళ ఉందురో అడుగవలెను. ఈ ప్రశ్న విధాన పత్రములలో నాకు కనిపించలేదు.

ఇక ఆ పత్రమునకు వత్తము. ప్రభుత్వ భవనములు, వాణిజ్య భవనములు చల్లని కప్పులు వేసికొనుట తప్పనిసరి అని అందు నిర్ణయించినారు. నివాస గృహములలో 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలములో కట్టినవానికి తప్పనిసరి. దానికి లోబడినవానికి ఐచ్ఛికము. పేదలకై ప్రభుత్వము కట్టించు ఇండ్లను కూడ విధానము పరిధిలో చేర్చుట మెచ్చదగినది. ఐదేండ్లలో హైదరాబాదున 200 చదరపు కిలోమీటర్లు, మిగిలిన రాష్ట్రమున 100 చదరపు కిలోమీటర్లు చల్లని కప్పులు కావలెనని లక్ష్యము పెట్టినారు.

600 చదరపు గజాలనగా 5,400 చదరపు అడుగులు. మా విద్యార్థి గది 100 చదరపు అడుగులు. విధానము గీసిన గీతలో ఆ గదులు యాభైనాలుగు పట్టును. ఈ గీత ఒక్క రాష్ట్ర ప్రభుత్వపుదే అనుకొనరాదు. కేంద్ర విద్యుచ్ఛక్తి మంత్రిత్వశాఖ 2018లో నివాస గృహములకై వెలువరించిన ‘ఎకో నివాస్ సంహిత’ కూడ 500 చదరపు మీటర్లు, ఆపైనున్న స్థలములలోని కట్టడములకే వర్తించును. లెక్క చూడుడు, 500 చదరపు మీటర్లు 598 చదరపు గజాలు. రెండును ఒక్క గీతయే. ఆ సంహిత ప్రకారము కప్పు గుండా డిగ్రీకి చదరపు మీటరునకు 1.2 వాట్లకు మించి ఉష్ణము ప్రవహింపరాదు. మనము పైన లెక్కించిన ఒంటిగది కప్పు 3.5, అనగా దాదాపు మూడింతలు. కొలబద్ద మంచిదే గాని, దానిని కొలువవలసిన ఇంటికి తీసికొనిపోలేదు.

పెద్ద ఇండ్లకే నిర్బంధము పెట్టుటకు ఒక వాదమున్నది. పేదవానిపై ఖర్చు మోపరాదు, శక్తిగలవాడు భరించగలడు. ఈ వాదము న్యాయమైనదే. నిర్బంధము వద్దన్న మాటకు నేనును సమ్మతింతును. కాని నిర్బంధము తీసివేసిన చోట సహాయము పెట్టవలెను గదా! ‘ఐచ్ఛికము’ అను మాట ఇచ్ఛ, దానిని చెల్లించుకొను శక్తి, కప్పుపై హక్కు మూడును గలవానికే అర్థవంతము. ఉస్మాన్‌గంజ్ గదిలో కప్పు క్రింద నివసించువాడొకడు, కప్పుకు యజమాని మరొకడు. ఉడుకు ఒకరిది, ఇచ్ఛ వేరొకరిది.

మరియొక లోపము ఇంకను మౌలికమైనది. నిర్బంధమును కట్టడము పూర్తియైన తరువాత ఇచ్చు నివాసయోగ్యతా పత్రముతో ముడిపెట్టినారు. కొత్త కట్టడమునకు ఇది చక్కని సాధనము. కాని ఏబది, అరువది ఏండ్ల క్రిందట లేచిన పాతబస్తీ ఇల్లు మరల ఆ పత్రము కొరకు ఏ కార్యాలయము మెట్లును ఎక్కదు.

లక్ష్యమును కొలిచిన తీరు చూడుడు. చదరపు కిలోమీటర్లు! కప్పులను వైశాల్యముతో కొలిచినచో ఐదువేల చదరపు మీటర్ల గోదాము ఒకటి తెల్లబడిన చాలును, ఐదువందల ఒంటిగదుల పని అయినట్లే లెక్కకు వచ్చును. ఏ అధికారి ఐనను సులభమైన దానినే ఎన్నుకొనును. అది అతని తప్పు కాదు, కొలత తప్పు. గోదాము కప్పు క్రింద చింతపండు బస్తాలు నిద్రించును, గది కప్పు క్రింద పిల్లలు నిద్రింతురు. హైదరాబాదు లక్ష్యములో నూరవ వంతు, అనగా రెండు చదరపు కిలోమీటర్లు మాత్రమే ఒంటిగది ఇండ్లకు కేటాయించి, వానిని కుటుంబముల సంఖ్యతో లెక్కించిరేని, రెండు లక్షలకు మించిన గదులు అందులో ఇమిడిపోవును. విద్యార్థులు భాగించి సరిచూచుకొనవచ్చును.

ఇందులో ఒక విడ్డూరమున్నది. ఈ విధానమునకు ముందు హైదరాబాదులో జరిగిన ప్రయోగము చిన్న ఇండ్లపైననే జరిగినది. 2017లో అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ (ట్రిపుల్ ఐటీ), అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కళాశాల, మరికొందరు కలిసి తక్కువ రాబడి గల కుటుంబముల 25 ఇండ్ల కప్పులపై తెల్లని పాలిథిలీన్ పొర పరపించినారు. పొర లేని ఇండ్లతో పోల్చగా లోపలి గాలి సగటున సుమారు 2 డిగ్రీలు చల్లగానున్నట్లు తేలినది. రెండు డిగ్రీలేనా అని పెదవి విరువరాదు. ఉష్ణమాపకము చూపునది గాలి ఉష్ణోగ్రతను. తలపైనున్న వేడి కప్పు నుండి శరీరముపై పడు వికిరణమును అది పూర్తిగా చూపదు. కప్పు చల్లబడినప్పుడు మనిషికి తెలియు ఉపశమనము ఆ రెండు డిగ్రీలకు మించియుండును. సాక్ష్యము చిన్న ఇండ్ల నుండి వచ్చినది. చట్టము పెద్ద ఇండ్లకు పోయినది. అదే 2017లో అహ్మదాబాదు పురపాలక సంఘము మూడువేలకు పైగా ఇండ్ల కప్పులకు సున్నము పూయించినది. మార్గము తెలియక కాదు.

సున్నముతోబాటు బజారులో దొరకు ‘చల్లని రంగుల’ గురించి ఒక మాట. డబ్బాపై ‘ఎస్.ఆర్.ఐ.’ అని ఒక అంకె యుండును. దానిని సౌర పరావర్తన సూచిక అనవచ్చును. ప్రమాణముగా తీసికొన్న నల్లని తలమునకు సున్న, తెల్లని తలమునకు నూరు. ఇందులో రెండు గుణములు కలిసియున్నవి: ఎండను తిప్పికొట్టుట ఒకటి, గ్రహించిన కొద్ది ఉష్ణమును వికిరణముగా వదలివేయుట రెండవది. మెరయు జింకు రేకును ఎండలో తాకి చూచినవారికి ఈ రెండవ గుణము విలువ తెలియును. అది అద్దమువలె మెరయును, ఐనను చేయి కాలును. పట్టుకొన్న వేడిని వదలుటలో అది మహా పిసినారి. సున్నము అట్లు కాదు. అందుచే ‘వెండిరంగు’ పూయించినవారు మోసపోవుదురు. ఇంతియే గాక డబ్బాపై అంకె క్రొత్త పూతది. బస్తాల ధూళి, లారీల పొగ పేరుకొను ఉస్మాన్‌గంజ్‌లో ఆ తెలుపు ఒక్క ఏడాదిలో సగము మాయును. ఫాల్గుణములో కప్పు కడిగి సున్నము తిరిగి పూయుట ఏటేటా చేయవలసిన పని. పండుగకు గోడలకు వెల్లవేయు మనకు కప్పుకు వేయుట క్రొత్త కానక్కరలేదు.

కప్పు తరువాతనే యంత్రము. కూలరు మన వేసవికి తగిన సాధనమే. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు సుమారు 2,400 కిలోజౌళ్ల గుప్తోష్ణము కావలెను. గంటకు లీటరు చొప్పున ఆవిరియైనచో 670 వాట్ల వేడి గాలి నుండి తొలగును. బయట 40 డిగ్రీలు, గాలిలో తేమ నూటికి 25 పాళ్లు ఉన్నప్పుడు తడిబల్బు ఉష్ణమాపకము 24 డిగ్రీలు చూపును. ఆ 16 డిగ్రీల భేదములో నూటికి 70 పాళ్లు కూలరు సాధించినను 29 డిగ్రీల గాలి వచ్చును. ఆగస్టులో బయట 30, తేమ 75 పాళ్లు అనుకొనుడు. తడిబల్బు 26 దాటును. కూలరు తగ్గించునది రెండున్నర డిగ్రీలే. పైగా ఒళ్లంతా జిగట.

కాని చిన్న గదులలో కూలరు విఫలమగుటకు ముఖ్యకారణము ఋతువు కాదు, తలుపు. కూలరును గదిలో పెట్టి తలుపు బిగించుకొందురు. లోపలి గాలినే అది మరల మరల తడుపును. గంటలో ఏప్రిల్ గది ఆగస్టు గది యగును. కూలరు వెనుకభాగము బయటి గాలిని పీల్చవలెను, వాడిన గాలి వేరొక దారిన పోవలెను. ఉన్నది ఒక్క ద్వారమే ఐన గదిలో కప్పుకు దగ్గరగా గోడలో రంధ్రము చేయించి చిన్న పంకా బిగించుట కూలరులో సగము. కుళాయి రోజు విడిచి రోజు వచ్చు ఇంట ఆ నీటి లెక్క కూడ ముందే వేసికొనవలెను.

ఏసీకి వచ్చిన, ఒక ‘టన్ను’ అనగా సుమారు 3,500 వాట్ల ఉష్ణమును తోడివేయు శక్తి. ఒక టన్ను మంచుగడ్డ, అమెరికా తూకమున 907 కిలోలు, ఒక దినములో కరగి గ్రహించు వేడి అది. అంగడివాడు వంద అడుగుల గదికి ఒక టన్ను అని చెప్పును. కప్పు నల్లనా తెల్లనా అని అడుగడు. మన లెక్క ప్రకారము ఆ టన్నులో సుమారు మూడవ వంతు నల్లని కప్పుతో పోరాడుటకే సరిపోవును. లోపల తోడిన 3,500 వాట్లును, యంత్రము త్రాగిన వేయి పైచిలుకు వాట్లును కలిసి ఎదుటివాని కిటికీ ముందరకు, ఆరడుగుల సందులోనికి పోయి పడును. ఆ కిటికీ వెనుకవాడు కూడ కొనక తప్పదు. ఇది చల్లదనము కాదు, వేడిని ప్రక్కింటికి సాగనంపుట.

థర్మకోలు అడ్డుకప్పు వేయించుకొనువారును కలరు. అది ఉష్ణమును కొంత నిరోధించును, నిజమే. కాని ఒంటిగదిలో వంట పొయ్యి, అడ్డుకప్పు ఒకే చోట. థర్మకోలు త్వరగా అంటుకొని విషపు పొగ గ్రక్కును. నేనైతే వద్దందును.

చలికాలము మాటేమి, తెల్లని కప్పు అప్పుడు వణికించదా అని కొందరు ఉపాధ్యాయ మిత్రులు అడిగినారు. హైదరాబాదులో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న, అత్యధికము 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న. చలి మనకు కొన్ని వారముల అతిథి. కంబళితో తీరును. తీరనిది మే నెల రాత్రి. 2015 వేసవి వడగాలులలో రెండు తెలుగు రాష్ట్రములలో వేయికి మించి ప్రాణములు పోయినవి. చలికి మన వద్ద అట్టి సంహారము ఎన్నడును విని యెరుగము. ఐతే చలి పేరిట ఒక అపాయము చిన్న గదులలో నున్నది. బొగ్గుల కుంపటిని లోపలికి తెచ్చి తలుపులు మూసికొని పడుకొనుట. పొగ కనబడదు, వాసన రాదు. కార్బన్ మోనాక్సైడు రక్తములోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటె రెండు వందల రెట్లకు మించిన బిగువుతో పట్టుకొనును. నిద్రలో ఉన్నవాడు లేవడు. చిన్న ఇంటిని వేడిచేయుట గూర్చి నేను చెప్పదగినది ఇదొక్కటే: కుంపటి గడప దాటి లోనికి రారాదు.

మా విద్యార్థి కుటుంబము చివరకు కూలరు కొనినది. వెనుకభాగము వసారాలోనికి వచ్చునట్లు తలుపు ప్రక్కన అమర్చుకొన్నారు. సున్నమునకు, బ్రష్షునకు వానికైన ఖర్చు కూలరు ధరలో చిన్న భాగము. కాని కప్పుకు పూయుటకు ఇంటి యజమాని అనుమతి కావలసి వచ్చినది. తండ్రీకొడుకులు పోయి అడిగినారు. ఆయన విషయమంతయు శ్రద్ధగా విని, గది నిజముగా చల్లబడునా అని రెండుసార్లు అడిగి, “అట్లయితే వచ్చే నెల నుంచి కిరాయి సంగతి మాట్లాడుకుందాం” అన్నాడట. సున్నపు బస్తా ఇంకను మెట్ల క్రిందనే యున్నది.